పెడల్ లోపలికి వెళ్ళిపోయిన కారుకి పెద్ద క్యాలిపర్లు మందు కాదండి

తమ్ముడు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. భీమవరంలో ఉంటారు. చెరువుల మీద నాలుగు డబ్బులు కలిసొచ్చి సెకండ్ హ్యాండ్‌లో పోర్షే 718 కేమన్ కొన్నారు. మొన్న చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి మొదటిసారి తీసుకెళ్ళారు. ఐదో ల్యాప్‌లో పెడల్ మెత్తబడింది, ఆరో ల్యాప్‌లో అడుగుదాకా దిగిపోయింది. రెండుసార్లు కాలితో కొడితే అప్పుడు బ్రేక్ పడి బయటపడ్డారు. ఇప్పుడేమో తెలిసినవాళ్ళు ఆరు పిస్టన్ల క్యాలిపర్లు (చక్రంతో తిరిగే డిస్కు మీదకి ప్యాడ్లని నొక్కి పట్టేవి), పెద్ద డిస్కులు కలిపిన కిట్ వేయించమంటున్నారు. దానికి లక్షలవుతాయి, వేయించనా అని అడిగారు.

వద్దండి. ఇప్పుడే వద్దు. మీ కారుకి జరిగిందానికీ ఆ కిట్‌కీ పెద్దగా సంబంధం లేదు. ఆ కిట్ వేసి, లోపల అదే పాత బ్రేక్ ఆయిల్ ఉంచుకుని మళ్ళీ వెళ్తే మళ్ళీ ఇదే జరిగే ప్రమాదం ఉంది. ఈసారి రెండోసారి కొట్టడానికి టైము దొరుకుతుందని ఎవరూ చెప్పలేరు.

నేను రావులపాలెంలో లారీ బ్రేకుల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. డ్రమ్ములు విప్పడం, లైనర్లు రివిట్ కొట్టడం అక్కడే వచ్చింది. తర్వాత కొన్నేళ్ళు చెన్నైలో రేసు కార్ల పనిలో ఉండి, ఇప్పుడు తణుకులో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది. అందుకని కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీకు జరిగింది ఏమిటో తేల్చుకోవాలి. ట్రాక్ మీద బ్రేకులు రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి. ఒకటి, పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు ఆగదు. అది ప్యాడ్ల సంగతి. వాటి వేడి హద్దు దాటి, డిస్కు మీద పట్టు పోతుంది. రెండోది, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. అది ఆయిల్ సంగతి. క్యాలిపర్ లోపల బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కట్టింది. ఆయిల్‌ని తొక్కితే నలగదు, ఆవిరిని తొక్కితే నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలు నలపడానికే పోయింది, పిస్టన్ దాకా రాలేదు. మీరు చెప్పిన గుర్తులన్నీ రెండోదానివే.

మూడోది ఒకటుంది, దాన్నీ చాలామంది ఆయిల్ మరగడం అనుకుంటారు. మలుపులో పక్కన ఉన్న ఎరుపు తెలుపు గట్టు మీద చక్రం ఎక్కించాక, వీల్ బేరింగ్ లూజుగా ఉంటే డిస్కు ఊగి ప్యాడ్లని వెనక్కి నెడుతుంది. ఆ తర్వాత మొదటిసారి తొక్కితే పెడల్ లోతుగా వెళ్తుంది, రెండోసారికి మామూలే. మీకు కొన్ని ల్యాపులు బాగానే ఉండి, ఆ తర్వాత క్రమంగా దిగింది కాబట్టి అది కాదనుకుంటున్నాను. అయినా జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో ఊపి చూడండి, డబ్బేం ఖర్చవదు.

ఇక వేడి లెక్క. ఇది ఒక్కటి బుర్రకెక్కితే మిగతా నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలరు. మీతో కలిపి కారు బరువు 1400 కిలోలు అనుకుందాం. 160 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గించారు. అందులో పోయిన శక్తి దాదాపు 12 లక్షల జౌళ్ళు. గాలి, ఇంజను లాగినది పక్కన పెడితే అదంతా వేడిగా మారాల్సిందే. అందులో మూడింట రెండొంతుల దాకా ముందు చక్రాలకే పడుతుంది. ఒక్కో ముందు డిస్కులో వేడెక్కే ఇనుము 8 కిలోలు అనుకుంటే, ఆ ఒక్క బ్రేకుకే డిస్కు 100 డిగ్రీలు పైకి లేస్తుంది. ఒక్కసారికి! చెన్నై ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అన్నిటికీ ఇంత గట్టిగా తొక్కక్కర్లేదు గానీ, రెండు బ్రేకుల మధ్య ఎక్కిన వేడి దిగకపోతే ల్యాపు ల్యాపుకీ పోగుపడుతుంది.

మన డెల్టాలో ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చేలోకి నీరు ఎంత వచ్చిందన్నది కాదు, డ్రెయిన్ ఎంత లాగుతోందన్నదే చేను మునుగుతుందో లేదో తేలుస్తుంది. పంట కాలవ ఎంత బాగున్నా మురుగు కోడు పూడిపోతే సార్వా నీళ్ళపాలే. బ్రేకులూ అంతే. పెద్ద డిస్కు అంటే పెద్ద చేను, మునగడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది. డ్రెయిన్ బాగు చేయకపోతే అదీ మునుగుతుంది.

అందుకని మొదటి ఖర్చు ఆయిల్ మీద పెట్టండి. బ్రేక్ ఆయిల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. సీల్ తీసిన డబ్బాలోకే కాదు, కారులో ఉన్నా కొద్దికొద్దిగా తేమ చేరుతూనే ఉంటుంది. డబ్బా మీద డాట్ అని అంకెతో ఉండేది ఆయిల్ ప్రమాణం. డాట్ 4 ప్రమాణంలో కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155. డాట్ 3కి అయితే 205, 140. డాట్ 5.1కి 260, 180. చూడండి, నీరు చేరితే 65 నుంచి 80 డిగ్రీలు పోతున్నాయి. రోడ్డు మీద తెలియదు, ట్రాక్ మీద ప్రాణం మీదకొస్తుంది.

పోర్షే వాళ్ళే రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమంటారు. మీరు కొన్న కారుకి పాత ఓనరు ఎప్పుడు మార్పించాడో సర్వీసు పుస్తకంలో చూశారా? పైగా మనుండేది ఎక్కడ? ఒక పక్క గోదారి, ఒక పక్క సముద్రం, మధ్యలో కాలవలు, చెరువులు. ఎండాకాలం కూడా చొక్కా ఒంటికి అంటుకునే ఊళ్ళు మనవి. ఇక్కడ గాలిలో ఉన్న తేమకి రెండేళ్ళు కూడా ఎక్కువే అని నా అనుభవం. ట్రాక్‌కి వెళ్ళే కారు అయితే వెళ్ళే ముందు నెల లోపల కొత్త ఆయిల్ పడాల్సిందే.

దీని మీద నేను ఒకసారి తప్పు చేశాను, చెప్పడం అవసరం. చెన్నై నుంచి వచ్చేసిన కొత్తలో, వానాకాలంలో, సగం వాడి మూత బిగించి అలమరలో పెట్టిన రేస్ ఆయిల్ డబ్బా ఉంటే, ఖరీదైంది కదా అని దాన్నే ఒక కుర్రాడి కారుకి పోసి పంపాను. మూడో సెషన్‌లో పెడల్ దిగిపోయి కారు గులకరాళ్ళలోకి పోయింది. దేవుడి దయవల్ల కుర్రాడికి ఏం కాలేదు. ఆ రోజు వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాల్సిన మాట ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి నా షెడ్డులో సీల్ తీసిన డబ్బా మర్నాటికి ఉండదు. మిగిలింది పారేయడమే. మీ మెకానిక్ ఎంత నమ్మకస్తుడైనా సీల్ మీ ముందే తీయమనండి.

ఏ ఆయిల్ అంటే, మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది మొదటి ఏడాదికి చాలు, కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ ఇంకా ఖరీదు, కానీ నీరు చేరాక కూడా 270 దగ్గర నిలబడుతుంది. మన తేమకి అది బాగా పనికొస్తుంది, తెప్పించుకోగలిగితే అదే వేయమంటాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, డాట్ 5 అని ఉండేది సిలికాన్ ఆయిల్, డాట్ 5.1 వేరు. అంకె దగ్గరగా ఉంది కదా అని పొరపాటున సిలికాన్ పోస్తే మీ కారులో ఉన్నదానితో కలవదు.

ఎయిర్ తీసేటప్పుడు ఒక సంగతి. మీ కారు ఒక్కో క్యాలిపర్‌కి నిపుల్స్, అంటే గాలిని, పాత ఆయిల్‌ని బయటకి వదిలే మరలు, రెండేసి ఉంటాయి, బయటి వైపు ఒకటి, లోపలి వైపు ఒకటి. మామూలు కార్లకి అలవాటైన చెయ్యి బయటిదొక్కటే తీసి వదిలేస్తుంది. లోపలి సగంలో పాత ఆయిలే ఉండిపోతుంది. పక్కన నిలబడి ఎనిమిదీ లెక్కపెట్టండి. బ్రేక్ ఆయిల్ కారు పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళు పోసి కడగాలి, లేకపోతే పెయింట్ లేచిపోతుంది.

రెండో ఖర్చు ప్యాడ్లు. ఇక్కడే జనం ఎక్కువ తికమక పడతారు, ఎందుకంటే రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకేలా మంచిగా ఉండే ప్యాడ్ లేదు. కంపెనీ నుంచి వచ్చే రోడ్డు ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది, 400 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేసరికి నీరసపడుతుంది. అసలైన ట్రాక్ ప్యాడ్ 600 దాటినా నిలబడుతుంది, కానీ చల్లగా ఉన్నప్పుడు మొద్దు. కీచుమని అరుస్తుంది, డిస్కుని తినేస్తుంది, దాని దుమ్ము అల్లాయ్ చక్రాల మీద పడి తడిస్తే మచ్చలు కట్టేస్తుంది.

ట్రాక్ ప్యాడ్లు వేసుకుని మన ఊళ్ళలో తిరగొద్దని మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. ఉండి నుంచి ఆకివీడు వెళ్ళే రోడ్డే తీసుకోండి, పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే రోడ్డే తీసుకోండి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రొయ్యల వ్యాన్ల నుంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. ఏటిగట్టు మీద అయితే గేదెలు, సైకిళ్ళ మీద బడి పిల్లలు. పిల్లాడు అడ్డొచ్చినప్పుడు మీ ప్యాడ్లు వేడెక్కేదాకా ఆగమంటే ఆగుతాడా? మనది పల్లపు నేల, బ్రేకులు వేడెక్కడానికి ఘాట్ రోడ్డు దిగుడు కూడా లేదు. మారేడుమిల్లి దాకా వెళ్తే తప్ప మీ బ్రేకులు చల్లగానే ఉంటాయి.

కాబట్టి రెండు దారులు. ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ రోజులే అయితే, మధ్యరకం ప్యాడ్ వేసుకుని దాంతోనే బండి నడిపి వెళ్ళొచ్చు. ఫెరోడో డీఎస్ 2500 లాంటిది ఆ కోవలోనిదే. చల్లగా ఉన్నా పట్టుకుంటుంది, కంపెనీ ప్యాడ్ కన్నా బాగా వేడి తట్టుకుంటుంది. మీలా కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. ఇంకా వేగం పెరిగి, అది కూడా చాలట్లేదని మీకే తెలిసిన రోజున రెండో దారి. పూర్తి ట్రాక్ ప్యాడ్ల సెట్టు విడిగా పెట్టుకుని అక్కడికెళ్ళాక మార్చుకోవడం. మీ క్యాలిపర్‌లో ప్యాడ్లు మార్చడానికి క్యాలిపర్ విప్పక్కర్లేదు, పిన్నులు లాగి పైనుంచి తీయొచ్చు. అలా మార్చేవాళ్ళు డిస్కులు కూడా రెండో జత పెట్టుకుంటే మంచిది. ఒక ప్యాడ్ డిస్కు మీద వదిలిన పొర ఇంకో ప్యాడ్‌కి సరిపడక పెడల్ అదరడం మొదలవుతుంది. ఆ అదురుడుకే మనవాళ్ళు డిస్కు వంకరపోయిందని లేత్ మీదకి ఎక్కిస్తారు. నేను చూసినవాటిలో నిజంగా వంకరపోయినవి బహు తక్కువ, పొర ఎగుడుదిగుడుగా అంటుకున్నవే ఎక్కువ.

ముందు మంచి ప్యాడ్లు వేసి, వెనక పాతవే ఉంచేయకండి. మీ కారుకి ఇంజను నడుమున ఉంది, వెనక చక్రాలు కూడా బాగానే పని చేస్తాయి. నాలుగింటికీ ఒకే రకం వేయండి. ముందువాటికన్నా వెనక ప్యాడ్లు తొందరగా అరిగిపోతుంటే కారుని తప్పుబట్టకండి. మలుపుల్లో మీరు కంగారుగా తిప్పుతుంటే కారు జారిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తనంతట తాను బ్రేకులు వేసి సర్దుతోందని అర్థం. దాన్ని ఆపేయమని చెప్పట్లేదు, మీ చెయ్యి నెమ్మదించాలని చెప్తున్నాను.

ప్యాడ్ మందం గురించి ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్తాను. ప్యాడ్ అంటే అరిగే ముక్క మాత్రమే కాదు, డిస్కు వేడి ఆయిల్‌కి తగలకుండా మధ్యలో ఉన్న అడ్డు కూడా. సగం అరిగిన ప్యాడ్ రోడ్డుకి నిక్షేపం, కానీ ట్రాక్ మీద సగం మందం అంటే సగం అడ్డే. కొత్త ఆయిల్ పోసి పలచటి ప్యాడ్లతో వెళ్ళి ఆయిల్ మరిగించుకొచ్చినవాళ్ళని చూశాను. సగం కన్నా తక్కువ ఉంటే వెళ్ళొద్దు. ప్యాడ్లు ఎక్కడ కొంటున్నారో కూడా చూసుకోండి. పెట్టె ఒకటి, లోపల సరుకు ఒకటి ఉన్నవి నా చేతికే వచ్చాయి. వేడెక్కాక ప్యాడ్ రేకు నుంచి ఊడొచ్చింది.

మూడోది గాలి, అంటే మన డ్రెయిన్. డిస్కు లోపల ఉన్న సందులు మధ్య నుంచి గాలిని పీల్చి అంచు నుంచి బయటకి తోస్తాయి. కాబట్టి గాలి డిస్కు ముఖం మీద కాదు, మధ్యలోకి అందాలి. మీ కారుకి ముందు చక్రాల దగ్గర గాలిని అటు మళ్ళించే చిన్న ప్లాస్టిక్ తెడ్లు ఉంటాయి. పోర్షే తన ట్రాక్ మోడళ్ళకి వీటినే పెద్దవి చేసి ఇస్తుంది. మీ కారుకి సరిపడే పార్టు నంబరు కనుక్కుని తెప్పించుకోండి. చెప్తున్నవాటిలో అతి తక్కువ ఖర్చు ఇదే, ఫలితం మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

నిజంగా ఎంత వేడెక్కుతోందో ఊహించక్కర్లేదు, చూడొచ్చు. డిస్కు అంచుకి పూసే రంగులు దొరుకుతాయి, ఆకుపచ్చది 430 డిగ్రీలకి, నారింజది 560కి, ఎర్రది 610కి రంగు మారతాయి. క్యాలిపర్‌కి అంటించే వేడి పట్టీలు కూడా ఉన్నాయి. ఒక రోజు నడిపాక ఇవి చూస్తే మీకు ఏ ప్యాడ్ కావాలో, ఆయిల్ హద్దు దగ్గరకి వెళ్తోందో లేదో తెలిసిపోతుంది. లక్షల కిట్ గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

డిస్కుల మాట. మీ కారుకి కంపెనీ ఇచ్చినవి ముందు 330 మిల్లీమీటర్లు, వెనక 299, చిల్లులు పొడిచినవి. ఆ చిల్లుల చుట్టూ వేడికి సన్నటి పగుళ్ళు రావడం మామూలే. గోరుతో రాసి చూడండి, గోరు ఆగుతోందంటే కనిపెట్టి ఉండాలి. పగులు ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకి కలిసినా, అంచు దాకా వచ్చినా ఇంకో ల్యాపు కూడా వద్దు. అరిగాక మార్చుకునేటప్పుడు చిల్లులు లేనివి గానీ గీతలు ఉన్నవి గానీ వేసుకోండి, ట్రాక్‌కి అవే ఎక్కువ కాలం ఆగుతాయి. అరిగాక కూడా ఉండాల్సిన కనీస మందం డిస్కు మీదే కొట్టి ఉంటుంది. కార్బన్ సెరామిక్ జోలికి వెళ్ళకండి, ఒక్క డిస్కు ఖరీదుతో మీకు కొన్నేళ్ళ ఇనప డిస్కులు వస్తాయి. మీ చెరువుల దగ్గర షెడ్డులో కారు పెడితే ఉప్పు గాలికి రెండు రోజుల్లో డిస్కులు ఎర్రబారతాయి. పై తుప్పు నాలుగు బ్రేకులకి పోతుంది. నెలల తరబడి కదపకుండా ఉంచితేనే ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడి పాడవుతుంది. వారానికోసారైనా బయటకి తీయండి.

స్టీలు అల్లిక హోస్ పైపులు వేస్తే పెడల్ కాస్త గట్టిగా అనిపిస్తుంది, ఆయిల్ మార్చేటప్పుడే వేయించుకుంటే సరి.

ఇప్పుడు ఆ పెద్ద కిట్ సంగతి. ఒక్క పరీక్ష చెప్తాను. ఈసారి ట్రాక్ మీద బ్రేకులు చల్లగా, బాగున్నప్పుడు, నేరు దారిలో, వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా తొక్కండి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దడదడలాడిందా? ఆడితే మీ నాలుగు పిస్టన్ల క్యాలిపర్లకి టైర్లని ఓడించేంత బలం ఇప్పటికే ఉందని అర్థం. అంతకన్నా గట్టిగా నొక్కే క్యాలిపర్ వేసినా కారు ముందుగా ఆగదు, ఎందుకంటే ఆపేది చివరికి టైరు. పెద్ద కిట్ ఇచ్చేది వేడి మోసే ఇనుము, ఎక్కువసేపు ఓర్చుకునే శక్తి. అది అరగంట సెషన్లు పూర్తి వేగంతో నడిపేవాళ్ళకి కావాలి. పైగా ముందు పిస్టన్లు పెద్దవై వెనకవి అలాగే ఉంటే, ముందు వెనక పాళ్ళు చెడి వెనక బ్రేకులు తమ వంతు పని చేయవు. అప్పుడు లక్షలు పోసి కూడా ఎక్కువ దూరంలో ఆగొచ్చు. మీ కారు కంపెనీ ఎంతో లెక్క చూసి ఆ పాళ్ళు పెట్టింది, దాన్ని కదపాలంటే బలమైన కారణం ఉండాలి. ఆ డబ్బుతో మంచి టైర్లు వేసుకుని, పక్కన నేర్పేవాళ్ళని కూర్చోబెట్టుకుని నాలుగు రోజులు నడపండి.

కొత్త ప్యాడ్లు వేశాక వాటిని డిస్కుకి కుదర్చడం మర్చిపోకండి. వంద నుంచి ఇరవైకి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు, ఒక్కోసారికీ కాస్త గట్టిగా, తర్వాత తొక్కకుండా చల్లారనివ్వాలి. హైవే మీద పొద్దున్నే చేసుకుంటాం అంటారు కొందరు, వెనక వచ్చే లారీవాడికి మీరేం చేస్తున్నారో తెలియదు. ట్రాక్ మీద మొదటి సెషన్ దీనికే వదిలేయండి.

నడిపేటప్పుడు బ్రేకుని రాసుకుంటూ పోవద్దు. గట్టిగా, తక్కువ సేపు తొక్కి వదిలేయండి. ఐదు ల్యాపులకి మించకుండా మొదలుపెట్టి, చివరి ల్యాపు బ్రేకు దాదాపు ముట్టకుండా తిరిగి రండి. లోపలికి వచ్చి ఆపగానే గాలి ఆగిపోతుంది, డిస్కు వేడంతా క్యాలిపర్‌లోకి ఎక్కుతుంది. ట్రాక్ మీద మరగని ఆయిల్ అక్కడ నిలబడి ఉండగా మరుగుతుంది. హ్యాండ్ బ్రేక్ వేయకండి, పెడల్ మీద కాలు ఉంచకండి, గేర్‌లో పెట్టి చక్రం కింద చెక్క అడ్డు పెట్టండి. మళ్ళీ బయలుదేరే ముందు పెడల్ ఒకసారి తొక్కి చూసుకోండి. మెత్తగా ఉంటే ఆ రోజుకి ఇంతే. అన్నట్టు మామూలు కారు ఇన్సూరెన్స్‌లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కలపరు, మీ పాలసీ తీసి చదువుకోండి.

ఇంకో సంగతి. ఒకసారి ఆయిల్ మరిగిందంటే అది చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడినట్టే ఉంటుంది. మీరు చెన్నై నుంచి భీమవరం దాదాపు 500 కిలోమీటర్లు ఆ పెడల్ నమ్ముకునే నడుపుకుంటూ వచ్చారు. ఆ ఆయిల్ ఇంకా కారులోనే ఉంది. ట్రాక్ సంగతి తర్వాత, రేపు కారు బయటకి తీసేముందే అది మార్పించండి. తణుకు దాకా రానక్కర్లేదు, మీ ఊళ్ళో నమ్మకమైన మెకానిక్ చాలు. ఎనిమిది నిపుల్స్, సీల్ తీయని డబ్బా, ఈ రెండూ దగ్గరుండి చూసుకోండి. ప్యాడ్ల మందం కొలిచి, డిస్కుల ఫోటోలు తీసి పెడితే ఏది ఉంచొచ్చో ఏది మార్చాలో నేను చూసి చెప్తాను.